పందెపు బాటకు తగిన కారు

మోటారు క్రీడల్లో రోడ్ రేసింగ్ అని పేరుపడిన పోటీకి, జనం రాకపోకలు సాగించే రోడ్డుకు నేడు ఏ సంబంధమూ లేదు. ఈ పందేలు మొదట్లో ఊరికీ ఊరికీ మధ్యనున్న రహదారుల మీదనే జరిగినందువల్ల ఆ పేరు నిలిచిపోయింది గాని, దారిన పోయేవారి ప్రాణాలు కూడా పోవడం చూసిన తరువాత అవి క్రమంగా కంచె వేసిన ప్రత్యేకమైన బాటల మీదికి చేరాయి. కుడికీ ఎడమకూ తిరిగే మలుపులు, వాటి మధ్య తిన్నని దారులు, బయలుదేరిన చోటికే మళ్లీ వచ్చి కలిసే చుట్టు, ఈ మూడూ ఉన్న బాట మీద జరిగే పోటీనే ఇప్పుడు రోడ్ రేసింగ్ అంటున్నారు. క్లబ్ స్థాయి పోటీ అంటే, పందెం జీవనోపాధి కాని ఔత్సాహికులు తమ సొంత డబ్బుతో, ఒక క్లబ్బు నిర్వహణలో, ఆ క్లబ్బు పెట్టిన నియమాలకు లోబడి పాల్గొనే పోటీ. ఈ వివరణ పులికాట్ సరస్సు ప్రాంతపు వారికి మరింత అవసరం. ఎందుకంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు నీళ్ల మధ్యగా తిన్నగా సాగిపోయే రోడ్డును చూసినప్పుడు కుర్రకారు కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కడం సహజమే అయినా, ఎదురుగా బస్సు వచ్చే అవకాశమున్న ఏ దారీ పందెపు బాట కాదు, కాకూడదు.

పందెపు బాట ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. ప్రళయ కావేరి అని తెలుగువారు పిలుచుకునే ఈ సరస్సు ఒడ్డు నుంచి తడ, గుమ్మిడిపూండి మీదుగా చెన్నైకి జి.ఎన్.టి. రోడ్డు మీద వెళ్లేవారు రెడ్‌హిల్స్ చేరడానికి ముందు దాటే చోళవరమే దక్షిణ భారతంలో కార్ల పందేలకు పుట్టిల్లు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసి, యుద్ధం ముగిశాక వదిలేసిన రన్‌వే అక్కడ ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వేనే పందెపు బాటగా మార్చి దశాబ్దాల పాటు పోటీలు నిర్వహించింది. ఆ తరువాత 1990 ప్రాంతంలో శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో సొంత స్థలంలో, 12 మలుపులతో 3.7 కిలోమీటర్ల చుట్టు ఉన్న శాశ్వతమైన బాటను సిద్ధం చేసుకుంది. సూళ్లూరుపేటలోనో, సత్యవేడులోనో, తిరుపతిలోనో ఉండే ఔత్సాహికుడికి అందుబాటులో ఉన్న బాట అదే కాబట్టి, కారును ఎంచుకోవలసింది కూడా ఆ బాటను దృష్టిలో పెట్టుకునే.

పోటీకి తగిన కారు ఏదని అడిగినప్పుడు ఎక్కువమంది మనసులో మెదిలేది అందరికన్నా బలమైన ఇంజిన్ ఉన్న కారు. ఈ ఊహ తప్పు. కారు కన్నా ముందు ఎంచుకోవలసింది విభాగాన్ని. రాయలసీమ తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఎద్దుల జతలను పళ్లను బట్టి వేరుచేసి, రెండు పళ్లవాటికి, నాలుగు పళ్లవాటికి, ఆరు పళ్లవాటికి వేర్వేరుగా పోటీ పెడతారు, ఎంత మేలుజాతి కోడెనైనా సీనియర్ల జతతో కట్టి బండ లాగించరు. రెండు పళ్ల విభాగంలో గెలవగల జతను కొన్న రైతు తెలివైనవాడు. సీనియర్ల విభాగంలో చివరన నిలిచే జతను రెట్టింపు ధర పెట్టి కొన్నవాడు నష్టపోయినవాడు. కార్ల పందెంలో పళ్ల స్థానాన్ని ఇంజిన్ సామర్థ్యం తీసుకుంటుంది. సిలిండర్లలో పిస్టన్లు కింది నుంచి పైదాకా కదిలేటప్పుడు ఊడ్చే మొత్తం జాగాను ఘన సెంటీమీటర్లలో చెప్పే కొలతనే వాడుకలో సీసీ అంటున్నారు. 1300 సీసీ దాకా అనుమతించే విభాగంలోకి 993 సీసీల మారుతి జెన్‌తో దిగినవాడు పందెం మొదలు కాకముందే కొంత ఓడిపోయినట్టే. అదే 1298 సీసీల ఎస్టీమ్‌తో దిగినవాడు నియమం ఇచ్చిన జాగానంతా వాడుకున్నట్టు.

విభాగాన్ని నిర్ణయించే రెండవ సంగతి, కారును ఎంతవరకు మార్చవచ్చునన్నది. దీనికి ఆధారం హోమోలొగేషన్ అనే పద్ధతి. ఒక నమూనా కారును కర్మాగారం తగినంత సంఖ్యలో తయారుచేసి అమ్మిందని నిర్ధారించుకుని, దాని కొలతలను, విడిభాగాలను నమోదు చేసిన పత్రమే హోమోలొగేషన్ పత్రం. పందేనికి ముందూ వెనుకా జరిగే తనిఖీలో కారును ఆ పత్రంతో పోల్చి చూస్తారు. మార్పులకు తక్కువ అవకాశమిచ్చే విభాగంలో ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. అన్ని మార్పులకూ దారి తెరిచిన విభాగంలో గెలుపు చాలావరకు లేత్ పని చేయించుకోగలిగిన వాడిదీ, ఇంజిన్ రెండుసార్లు పగిలినా మూడవది కట్టించుకోగలిగిన వాడిదీ అవుతుంది. కొత్తగా పోటీలోకి వచ్చేవారు ఆ విభాగం జోలికి పోకపోవడమే క్షేమం.

చోళవరం చరిత్రను ఈ దృష్టితో చూస్తే చాలా సంగతులు తేటపడతాయి. అప్పట్లో దేశంలో దొరికే కార్లు రెండు మూడు రకాలే కాబట్టి, అంబాసిడర్, ఫియట్ 1100, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, ఇవే పందెపు బాట మీద కూడా కనిపించేవి. సంపన్నులు విదేశాల నుంచి తెప్పించిన ఫార్ములా కార్లు చూపరులకు కన్నుల పండుగ చేశాయి గాని, వాటికి సమానమైన ప్రత్యర్థులు ఒకరిద్దరికి మించి లేనందువల్ల అక్కడ నిజమైన పోటీ జరిగింది మామూలు కార్ల మధ్యనే. 1980ల్లో వచ్చిన మార్పు మరీ ఆలోచింపజేస్తుంది. పద్మిని పేరుతో అమ్ముడైన ఫియట్ ఇంజిన్ శక్తి దాదాపు 40 అశ్వశక్తులు, కారు బరువు దాదాపు 900 కిలోలు. 1983 డిసెంబరులో బయటికి వచ్చిన మారుతి 800 ఇంజిన్ శక్తి కూడా ఇంచుమించు అంతే, కాని కారు బరువు 650 కిలోలకు అటూ ఇటూ. టన్నుకు ఎంత శక్తి పడుతుందో లెక్క వేస్తే పద్మినికి 44, మారుతికి 61 అశ్వశక్తులు వస్తాయి. అంటే 1089 సీసీల ఇంజిన్ కన్నా 796 సీసీల ఇంజిన్ మేలైన పందెపు కారును ఇచ్చింది. అంతకు కొంచెం ముందే బెంగళూరులో తయారైన సిపాని డాల్ఫిన్, ఫైబర్ గ్లాస్ ఒంటితో, 848 సీసీల అల్యూమినియం ఇంజిన్‌తో, వెనుక చక్రాలకు అందే చోదకశక్తితో పందెగాళ్లను ఆకర్షించింది కూడా ఈ తేలికదనం వల్లనే.

ఇంజిన్ శక్తిని కారు బరువుతో భాగించగా వచ్చే ఈ అంకెనే శక్తి-బరువు నిష్పత్తి అంటారు. శక్తిని పెంచినా నిష్పత్తి పెరుగుతుంది, బరువును తగ్గించినా పెరుగుతుంది. కాని రెండింటి ఫలితం ఒకటి కాదు. పెంచిన శక్తి తిన్నని దారిలో మాత్రమే పనికొస్తుంది. తగ్గిన బరువు తిన్నని దారిలోనూ, మలుపులోనూ, బ్రేకు వేసేటప్పుడూ, టైరు అరుగుదలలోనూ ప్రతిచోటా కలిసివస్తుంది. పులికాట్‌లో నిలువెత్తు లోతు లేని నీళ్లున్న చోట్లకు అడుగు చదునైన పడవలనే తీసుకువెళ్తారు. సముద్రానికి పోయే పెద్ద పడవ ఎంత గొప్ప మోటారుతో వచ్చినా అడుగు బురదలో కూరుకుపోతుంది. పన్నెండు మలుపుల బాట మీద బరువైన కారు పరిస్థితి కూడా అలాంటిదే.

బ్రేకుల సంగతి కొంచెం దగ్గరగా చూడవలసి ఉంది, ఎందుకంటే మొదటిసారి కారు ఎంచుకునేవారు అన్నింటికన్నా తక్కువగా పట్టించుకునేది వాటినే. టన్ను బరువున్న కారు గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు కోసం 72 కిలోమీటర్లకు వేగం తగ్గించుకుందని అనుకుంటే, వేగం సగమైనప్పుడు కదలికలోని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, మిగిలిన మూడు వంతులు, అంటే దాదాపు 600 కిలోజౌళ్లు, మూడు నాలుగు క్షణాలలో వేడిగా మారి చాలావరకు బ్రేకు డిస్కుల్లోకే చేరతాయి. గది వేడిమిలో ఉన్న రెండు లీటర్ల నీళ్లను మరిగే స్థితికి తేవడానికి ఆ వేడి సరిపోతుంది. ఒక్క మలుపు ముందే ఇంత వేడి పుడితే, ప్రతి చుట్టులోనూ ఇలాంటి మలుపులు మళ్లీ మళ్లీ వస్తుంటే, డిస్కు చల్లారడానికి వ్యవధి ఎక్కడ దొరుకుతుంది? ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు పాకి, ఆయిల్ మరిగి, గొట్టాల్లో బుడగలు పుడితే, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది; కారు ఆగదు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 రకం 230 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలన్నది ప్రమాణం. అయితే ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది; తేమ పట్టిన తరువాత ఆ హద్దులు 140కి, 155కి దిగిపోతాయి. సరస్సు మీది గాలి ఏడాది పొడవునా తడిగా వీచే ప్రాంతంలో నిలిపిన కారుకు ప్రతి పందేనికి ముందూ బ్రేక్ ఆయిల్ మార్చి తీరాలన్న నియమాన్ని అతిజాగ్రత్త అనుకోకూడదు. అందువల్ల ఎంచుకోబోయే కారుకు మేలైన బ్రేకు ప్యాడ్లు సులభంగా దొరుకుతాయా, డిస్కు మీదికి గాలి వెళ్లే దారి చేయడానికి నియమాలు ఒప్పుకుంటాయా అన్నవి అశ్వశక్తుల కన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు.

టైర్ల విషయంలో మన దేశపు ఔత్సాహికుడికి ఒక ప్రత్యేకమైన పరిస్థితి ఉంది. ఇక్కడ చవకగా దొరికే కార్లలో చాలావాటికి ముందు చక్రాలకే చోదకశక్తి అందుతుంది. అంటే కారును లాగడం, తిప్పడం, ఆపడంలో పెద్ద వాటా, ఈ మూడు పనులూ ముందు రెండు టైర్ల మీదనే పడతాయి. టైరుకూ నేలకూ మధ్యనుండే పట్టుకు ఒక హద్దు ఉంది. దాన్ని తిరగడానికి ఎంత వాడుకుంటే లాగడానికి అంత తక్కువ మిగులుతుంది. మలుపు మధ్యలోనే తొందరపడి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇలాంటి కారు ముక్కు బయటి వైపుకు జారిపోవడానికి కారణం ఇదే, దీనినే అండర్‌స్టీర్ అంటారు. ఆ జారుడును తట్టుకునే నేర్పు డ్రైవరుకు అలవడేదాకా అదనపు శక్తి లాభం కన్నా నష్టమే ఎక్కువ చేస్తుంది. పందెం నుంచి వచ్చిన కారు ముందు టైర్లను చేత్తో తడిమి చూస్తే, బయటి అంచు రంపపు పళ్లలా గరుకుదేలి, లోపలి అంచు కొత్త దానిలా నున్నగా ఉన్నట్లయితే, ఆ కారు చక్రాల వాలు సరిగా కుదరలేదనీ, లేక దాన్ని నడిపినవాడు మలుపులో స్టీరింగును అవసరానికి మించి తిప్పుతున్నాడనీ తెలుసుకోవచ్చు.

ఏ కారు గెలిపిస్తుందన్న ప్రశ్నకు ఈ దేశంలో దొరికిన జవాబులన్నింటిలోకీ ఉత్తమమైనది ఒక తెలుగు ఇంటి నుంచి వచ్చింది. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు పారిశ్రామిక కుటుంబాల్లో ఒకటైన లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ స్వయంగా చోళవరంలో పందేలు గెలిచిన డ్రైవరు, కార్లను తన చేతులతో రూపొందించిన నిర్మాత. డబ్బున్నవాడు విదేశీ కారు తెచ్చుకుంటే, లేనివాడు ఎంత నేర్పరి అయినా వెనుకబడిపోవలసి వస్తున్న పరిస్థితిని గమనించి, ఆయన 1988లో మారుతి 800 ఇంజిన్‌తో, దేశంలో ఏ ఊరి షాపులోనైనా దొరికే విడిభాగాలతో, ఒక్కరే కూర్చునే ఫార్ములా మారుతి అనే పందెపు కారును తయారుచేశారు. అందరికీ ఒకే కారు కావడంతో డబ్బు మూటకు దక్కే మొగ్గు తగ్గి, చుట్టు సమయంలోని తేడాకు డ్రైవరే జవాబుదారీ అయ్యాడు. మెకానిక్ షెడ్డులో రోజూ కనబడే మూడు సిలిండర్ల ఇంజిన్‌లోంచి ఇంత న్యాయమైన పోటీని పుట్టించిన ఆ బుద్ధికి భారతీయ మోటారు క్రీడ ఎంతో రుణపడి ఉంది. కోయంబత్తూరుకే చెందిన నరేన్ కార్తికేయన్ పందేల జీవితం కూడా ఫార్ములా మారుతిలోనే మొదలై, 2005లో ఫార్ములా వన్ దాకా సాగింది; ఆ స్థాయిలో పోటీపడిన మొదటి భారతీయుడు ఆయనే. కరివర్ధన్ ఆ రోజును చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు దగ్గరి చెట్టిపాళెంలోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

ఒకే కారు పద్ధతి ఆ తరువాత ఎన్నో రూపాలు తీసుకుంది. 1.3 లీటర్ల మారుతి ఇంజిన్‌తో నడిచే ఎల్‌జీబీ ఫార్ములా 4, 2010లో మొదలైన ఫోక్స్‌వ్యాగన్ పోలో కప్, ఆ తరువాత వచ్చిన టొయోటా ఎటియోస్ పోటీ, ఇవన్నీ ఆ కోవలోనివే. చివరికి 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో కూడా జట్లన్నీ ఒకే రకం చట్రాన్ని, ఒకే రకం బ్యాటరీని, ఒకే రకం టైర్లను వాడవలసి వచ్చింది. ఇలాంటి పోటీల్లో కారును నిర్వాహకులో జట్టు యజమానో సిద్ధంగా ఉంచి, నిర్ణీతమైన రుసుము తీసుకుని డ్రైవరుకు అప్పగించే ఏర్పాటు తరచుగా ఉంటుంది. సొంత మెకానిక్, సొంత షెడ్డు లేనివారికి మొదటి ఒకటి రెండు సంవత్సరాలు ఇదే సరైన మార్గం. ఎందుకంటే తాను వెనుకబడినప్పుడు తప్పు కారుదా, తనదా అన్న సందేహానికి అక్కడ తావు తక్కువ.

సొంత కారే కావాలనుకున్నవారు కొత్త కారును విప్పి పందెపు కారుగా మార్చడం కన్నా, ఎవరో ఇదివరకే తయారుచేసి నడిపిన కారును కొనడం మేలు. రోల్ కేజ్, అంటే కారు పల్టీ కొట్టినా కప్పు నలిగిపోకుండా లోపల అమర్చే ఉక్కు గొట్టాల పంజరం, ప్రత్యేకమైన సీటు, బెల్టులు, మంటలార్పే పరికరం, కరెంటును ఒక్క తిప్పుతో ఆపివేసే స్విచ్చి, వీటన్నింటికీ అయిన ఖర్చులో సగం కూడా అమ్మేవాడికి తిరిగి రాదు. ఆ నష్టమే కొనేవాడి లాభం. ఇక విడిభాగాల విషయానికి వస్తే, భారతీయ క్లబ్ పందేలలో చాలాకాలం రాజ్యమేలిన ఎస్టీమ్ తయారీ 2007లో ఆగిపోయినా, దాని 1.3 లీటర్ల ఇంజిన్ కుటుంబమే జిప్సీలోనూ, 2005లో వచ్చిన మొదటి తరం స్విఫ్ట్‌లోనూ ఉన్నందువల్ల దాన్ని విప్పి కట్టగల మెకానిక్ తిరుపతిలోనూ దొరుకుతాడు, నెల్లూరులోనూ దొరుకుతాడు. 1.5 లీటర్ల వీటెక్ ఇంజిన్ ఉన్న పాత హోండా సిటీ 106 అశ్వశక్తులతో దానికన్నా పై విభాగంలో ఎంతో పేరు తెచ్చుకున్న కారే. అయితే ఆ ఇంజిన్ మీద చేయి తిరిగినవారు అన్ని ఊళ్లలోనూ ఉండరు. పందెం ఆదివారం అయినప్పుడు శనివారం సాయంత్రం చెడిపోయిన భాగాన్ని రాత్రికి రాత్రి సంపాదించుకోగలగడం కూడా కారు వేగంలో ఒక భాగమే.

సరస్సు పక్క ఊళ్ల వారు మరొక సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. ఉప్పుగాలి తిన్న కారు పైకి రంగుతో నిగనిగలాడుతూ ఉన్నా, కాళ్ల కింది మ్యాట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో నేల రేకును అంగుళం అంగుళం తట్టి చూస్తే అసలు కథ బయటపడుతుంది. గట్టి రేకు ఖంగున మోగుతుంది. తుప్పు తిన్న రేకు తడిసిన అట్టను తట్టినట్టు మూగగా పలుకుతుంది. తలుపుల కింది పెట్టె భాగం, జాకీ పెట్టే చోటు, బానెట్ ఎత్తగానే రెండు పక్కలా కనిపించే సస్పెన్షన్ గూళ్లు, ఈ మూడు చోట్లా చూడకుండా బయానా ఇవ్వకూడదు. రోల్ కేజ్ కాళ్లను అతికేది ఈ నేల రేకు మీదనే. రేకు పుచ్చిపోయి ఉంటే కారు తలకిందులైనప్పుడు ఉక్కు గొట్టం వంగదు గాని, దాని కాలు నేలను చీల్చుకుని కిందికి దిగిపోతుంది. ఇంజిన్ పాడైతే మరొకటి వేసుకోవచ్చు, గేర్ బాక్స్ పోతే మార్చుకోవచ్చు, తుప్పు పట్టిన ఒంటికి మాత్రం పందెపు బాట మీద చోటు లేదు.

డబ్బు విషయంలో పాటించవలసిన లెక్క కఠినమైనదే అయినా చెప్పక తప్పదు. చేతిలో ఉన్న మొత్తంలో సగానికి మించి కారు మీద పెట్టినవాడు రెండో పందెం దాకా కూడా రావడం కష్టం. మిగిలిన సగం టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు, కారును లారీ మీద బాట దాకా తీసుకువెళ్లే కిరాయికి, భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సుకు, అన్నింటికన్నా ముఖ్యంగా సాధన చుట్లకు కావాలి. మామూలు కారుతో రెండు వందల చుట్లు తిరిగినవాడు, మంచి కారుతో ఇరవై చుట్లు మాత్రమే తిరిగినవాణ్ణి దాటిపోవడం ఇరుంగాట్టుకోట్టైలో వింతేమీ కాదు. ఒక్కో చుట్టులో ఒక్క క్షణం మెరుగుపడినా, గంటకు 100 కిలోమీటర్ల సగటు వేగంతో నడిచే పది చుట్ల పందెంలో ఆ తేడా పావు కిలోమీటరు పైన అవుతుంది.

ఇన్నీ కుదిరిన తరువాత కూడా బయానా ఇచ్చే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. పందెంలో వాడబోయే హెల్మెట్ తలకు పెట్టుకుని, బెల్టులన్నీ బిగించుకుని, ఆ కారు సీటులో కూర్చుని చూడాలి. మోకాళ్లు స్టీరింగుకు తగలకుండా క్లచ్ చివరిదాకా వెళ్లాలి, భుజాలు సీటు నుంచి లేవకుండానే చేతి మణికట్టు స్టీరింగు పై అంచును తాకాలి, అతి దగ్గరగా ఉన్న కేజ్ గొట్టానికీ హెల్మెట్‌కూ మధ్య కనీసం అరచేయి అడ్డంగా దూరేంత జాగా మిగలాలి. అది మిగలకపోతే, ఆ కారు ఎంత వేగవంతమైనదైనా, ఎంత చవకగా వస్తున్నా, దాన్ని మరొకరికి వదిలిపెట్టి తిరిగి రావాలి.